మంగెలిన్ అనే ఇంగ్లిష్ మాట మన మంజాడి గింజే

 పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి. సగంలో మాత్రం ఆపొద్దండి, అసలు లెక్క సగం తర్వాతే ఉంది.

మేము తుగ్గలి చుట్టుపక్కల తండాల పిల్లలం, ముగ్గురం. ఒకే హాస్టల్, ఒకే రూము. మా మూడిళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ సంవత్సరం ఇంగ్లిష్ సబ్జెక్టులో మాకు ఒక పని ఇచ్చినారు. ఎవరూ పెద్దగా వాడని ఇంగ్లిష్ మాట ఒకటి తీసుకొని, అది ఏ భాషలో పుట్టింది, ఎట్లా ప్రయాణం చేసింది అని రాయాలి. క్లాసులో చాలామంది గ్రీకు, లాటిన్ మాటలు పట్టుకొచ్చినారు. ఇద్దరు ముగ్గురు పందికొక్కు నుంచి వచ్చిన బ్యాండికూట్ రాసినారు. అది అందరికీ తెలిసిందే కాబట్టి మేము ఇంకోటి వెతికినాం.

వెతకడానికి వాడిన పుస్తకం పేరు హాబ్సన్ జాబ్సన్. పేరు వింటే నవ్వొస్తుంది గానీ పెద్ద నిఘంటువు. ఇండియాలో ఉన్న ఇంగ్లిష్ వాళ్ళు తమ మాటల్లో కలుపుకున్న మన మాటలన్నీ ఏరి, హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు తయారు చేసినారు. 1886 లో అచ్చయింది. బర్నెల్ మన మద్రాసు రాజధానిలోనే ఉద్యోగం చేసినోడు, పుస్తకం బయటికి రాకముందే 1882 లో చనిపోయినాడు. అందులో 'మంగెలిన్' అనే మాట కనపడింది. వజ్రాలు, రత్నాలు తూచే చిన్న తూకం, దక్షిణ దేశంలోనూ సింహళంలోనూ వాడేవాళ్ళు, సుమారుగా క్యారెట్ లాంటిది అని రాసి, ఆ పక్కనే 'ఇది తెలుగు మాట, మంజాలి. తమిళంలో మంజాడి' అని ఉంది.

వజ్రాల తూకం, తెలుగు మాట అనేసరికి మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తుగ్గలోళ్ళకు వజ్రం అంటే ఏమిటో కొత్తగా చెప్పాల్సిన పని లేదు కదా.

బయటి జిల్లాల వాళ్ళ కోసం కొంచెం చెప్తాం. మా జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి, పక్కన మద్దికెర, అట్లే గుంతకల్లు దాటితే వజ్రకరూరు, ఈ నేలల్లో తొలకరి పడంగానే జనం చేన్లల్లోకి దిగుతారు. వాన మట్టిని కడుగుతుంది, రాళ్ళు పైకి తేలుతాయి, ఎండ పడితే ఎక్కడో ఒకటి మెరుస్తుంది. అదే ఆశ. కర్నూలు, అనంతపురం, కడప, బళ్ళారి నుంచి కూడా వస్తారు. గుళ్ళల్లో, చెట్ల కింద మకాం. సద్ది కట్టుకొని పొద్దున్నే వంగితే సాయంత్రం దాకా నడుము ఎత్తరు. రైతులకేమో తిప్పలు. బుడ్డలు విత్తడానికి దున్ని పెట్టుకున్న చేను నూరుమంది తొక్కితే ఎట్లుంటుంది? కొందరు కంచె వేస్తారు, కొందరు బోర్డు పెడతారు. మా తండాల నుంచి పోయేవాళ్ళు ఎక్కువగా సుగ్గి నుంచి తిరిగొచ్చినోళ్ళే. గుంటూరు దిక్కు మిరప కోతలకు పోయి, చేతిలో నాలుగు రూపాయలతో ఇంటికి వచ్చి, వానల దాకా పని లేక రాళ్ళకు పోతారు.

సరే, మాటకు వద్దాం.

మంజాడి అంటే ఒక చెట్టు గింజ. ఎర్రగా, నున్నగా, రెండు పక్కలా ఉబ్బి, గవ్వంత మెరుపుతో ఉంటుంది. తెలుగులో ఆ చెట్టును బండి గురివింద అంటారు. మనం మామూలుగా చూసే గురివింద వేరు, అది తీగ, దాని గింజకు ఒక మూల నలుపు ఉంటుంది. తన నలుపు తానెరగదు అని సామెతలో తిట్లు తినేది ఆ గింజ. బండి గురివింద పెద్ద చెట్టు, గింజకు నలుపు ఉండదు, మొత్తం ఎరుపే. కేరళలో ఇప్పటికీ పిల్లలు వాటితో ఆడుకుంటారు, వాళ్ళు మంజాడి అనే పిలుస్తారు. ఎండితే ముడుచుకోదు, తొందరగా పుచ్చదు, ఒకదానికొకటి బరువులో పెద్ద తేడా ఉండదు. అందుకే రాళ్ళు, బంగారం తూచేవాళ్ళు త్రాసులో ఒక పక్క దీన్నే వేసినారు.

తూకానికి గింజ వాడేది మన దగ్గర మాత్రమే అనుకోవద్దు. ప్రపంచమంతా వాడే క్యారెట్ కూడా గింజే. అరబ్బీలో కీరాత్, దానికి వెనక గ్రీకులో కెరాటియోన్, అంటే చిన్న కొమ్ము. మధ్యధరా సముద్రం పక్క పెరిగే క్యారబ్ చెట్టు కాయ కొమ్ము ఆకారంలో ఉంటుంది, దాని గింజ పేరే క్యారెట్ అయింది. ఉత్తరాదిన రత్తి అంటే మన గురివింద గింజ. అంటే క్యారెట్, రత్తి, మంజాడి, మూడూ గింజలే. మూడు చోట్ల మూడు చెట్లు. వాటిలో ఒకటి లోకమంతా తిరిగి నిలబడింది, ఒకటి ఉత్తరాదిన జాతకాల ఉంగరాల అంగళ్ళలో మిగిలింది, మనది నిఘంటువులో పడుకుంది.

మంజాడి ఇంగ్లిష్ లోకి నేరుగా పోలేదు. మధ్యలో పోర్చుగీసు వాళ్ళు ఉన్నారు. గోవాలో, సింహళంలో కూర్చొని రాళ్ళ వ్యాపారం చేసింది మొదట వాళ్ళే. వాళ్ళ నోట్లో మంజాలి, మంజాడి 'మంజెలిం' అయింది. వాళ్ళ భాషలో చాలా మాటల చివర ముక్కుతో పలికే ఆ 'ఇం' వచ్చి చేరుతుంది. రాసేటప్పుడు వాళ్ళు 'జ' కు ఇంగ్లిష్ వాళ్ళ 'జీ' అక్షరం వాడినారు, ఎందుకంటే పోర్చుగీసులో ఆ అక్షరం తర్వాత 'ఎ' వస్తే మెత్తగా పలుకుతారు. ఇంగ్లిష్ వాళ్ళు ఆ రాతను చూసి తెచ్చుకున్నారు, చెవితో విని కాదు. అందుకే మనం దాన్ని కాగితం మీద చూస్తే 'మంగెలిన్' అని చదువుతాం, లోపల ఉన్న మంజాడి వినపడదు. 1516 ప్రాంతంలో బార్బోసా అనే పోర్చుగీసు ఆయన 'మంజ్యార్' అని రాసినాడు. 1584 లో బ్యారెట్ అనే ఇంగ్లిష్ వ్యాపారి 'మంజియల్లీనో' అని ఇటలీ వాళ్ళ పద్ధతిలో రాసినాడు. ఒకే గింజకు ఇన్ని పేర్లు. మన తండాల పేర్లు రేషన్ కార్డులో ఎట్లా మారిపోతాయో అట్లే అనుకోండి.

ఇక్కడిదాకా అయితే ప్రాజెక్టుకు సరిపోయేది. రెండు పేజీలు రాసి ఇచ్చేస్తే మార్కులు పడేవి. కానీ నిఘంటువులో ఆ మాట కింద పాత పుస్తకాల నుంచి తీసిన ముక్కలు ఇచ్చినారు, అవి చదివినాక వదలబుద్ధి కాలేదు. ఆ పుస్తకాల వెంట పోయినాం. ప్రతి చోటా మంగెలిన్ ఒకే సందర్భంలో కనపడుతుంది: రాయి ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతిలోకి పోయేటప్పుడు.

మొదటిది విజయనగరం. 1535 ప్రాంతంలో ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి విజయనగరంలో ఉండి, ఆ రాజ్యం కథంతా రాసినాడు. రాబర్ట్ సీవెల్ 1900 లో దాన్ని ఇంగ్లిష్ లోకి మార్చి తన పుస్తకంలో వేసినాడు. అందులో వజ్రాల గనుల గురించి ఉంది. గనులు ఒక నాయకుడికి గుత్తకు ఇచ్చినారు, ఆయన ఏటా రాజుకు 40 వేల బంగారు పర్దావులు కట్టాలి. దాని మీద ఒక షరతు: 20 మంగెలిన్లు దాటిన ప్రతి వజ్రం రాజు ఖజానాకే పోవాలి. సీవెల్ ఆ గనులు మన వజ్రకరూరు ప్రాంతానివే అని అనుకున్నాడు. అంటే ఈ మాట ఇంగ్లిష్ పుస్తకాల్లోకి పోకముందే, మా చేన్ల మీదనే, రాజుది ఎంత నాయకుడిది ఎంత అని గీత గీయడానికి వాడినారు. ఏరినోడి వాటా ఎంత అన్నది ఆ షరతులో లేదు.

రెండోది తావెర్నియే. ఫ్రాన్సు దేశపు రత్నాల వ్యాపారి. మన దేశానికి చాలాసార్లు వచ్చిపోయినాడు, 1676 లో పుస్తకం అచ్చేసినాడు. గోల్కొండ రాజ్యం గనులు కళ్ళారా చూసి రాసిన మనిషి. ఆయన మొదట పోయిన గని పేరు 'రావల్‌కొండ' అని రాసినాడు. అది మన కర్నూలు జిల్లా వెల్దుర్తి దగ్గరి రామళ్ళకోట అని కొందరు, రాయచూరు వైపు ఊరని కొందరు అంటారు. ఏదైనా మనకు దూరం కాదు.

ఆయన రాసింది చదువుతుంటే మాకు చాలాసేపు మాట రాలేదు. గనిలో పని చేసేవాళ్ళకు ఏడాదికి 3 వరహాలు కూలి అంట. రోజుకు కాదు, నెలకు కాదు, ఏడాదికి. ఒంటి మీద చిన్న గుడ్డ తప్ప ఏమీ ఉండదు, దాచుకోవడానికి చోటు లేకుండా. అయినా నమ్మకం లేక 50 మంది కూలోళ్ళకు 12 నుంచి 15 మంది కాపలా. ఒక కూలి ఒక మంగెలిన్ తూగే రాయిని కంటి మూలలో పెట్టుకొని పట్టుబడినాడు అని రాసినాడు. కంటి మూలలో! ఆ రాయి దాదాపు 2 క్యారెట్లు అని కూడా రాసినాడు. కూలి ఇంత తక్కువ ఇస్తే దొంగతనం చేయక ఏం చేస్తారు అన్నట్టే ఉంది ఆయన మాట కూడా, ఆయన వ్యాపారి అయినా.

పెద్ద రాయి దొరికితే ఏమిస్తారో కూడా రాసినాడు. కూలికి 7, 8 మంగెలిన్లు దాటిన రాయి దొరికి, తీసుకపోయి యజమానికి అప్పజెప్తే, ఆయన తలకు చుట్టుకోవడానికి ఒక గుడ్డ ఇస్తాడు, దాంతో పాటు అర వరహానో వరహానో, ఒక్కోసారి బియ్యం, ఒక పళ్ళెం చక్కెర.

మాలో ఒకరు అన్నమాట ఇక్కడ రాయాల్సిందే: "ఇప్పుడూ అంతే కదరా, గుడ్డ బదులు సెల్ ఫోన్ ఇస్తారు."

అదే ఊర్లో ఇంకో దృశ్యం రాసినాడు. ఊరి మధ్యన పెద్ద చెట్టు. దాని కింద వ్యాపారుల పిల్లలు కూర్చొని ఉంటారు. వయసు పదేళ్ళ నుంచి పదిహేను పదహారు దాకా. ఒక్కొక్కడి నడుముకు ఒక పక్క తూకపు గుండ్ల సంచి, ఇంకో పక్క బంగారు వరహాల సంచి, ఐదారు నూర్లు ఉంటాయి అంట. ఎవరైనా రాయి తెస్తే అందరికన్నా పెద్దోడి చేతిలో పెట్టాలి. వాడు చూసి పక్కోడికి ఇస్తాడు, వాడు ఇంకొకడికి. నోరు మెదపకుండా చేతులు మారి మళ్ళా పెద్దోడి దగ్గరికి వస్తుంది. అప్పుడు వాడు ధర అడుగుతాడు. సాయంత్రానికి కొన్నవన్నీ పరుచుకొని, నీరు చూసి, బరువు చూసి, వేరు చేసి పెద్ద వ్యాపారులకు అమ్ముకుంటారు. లాభం పంచుకుంటారు, పెద్దోడికి కొంచెం ఎక్కువ.

ఇది చూడడానికి ముచ్చటగా ఉందని ఆయన రాసినాడు. మాకూ ముచ్చటగానే ఉంది, కానీ వేరే ఆలోచన కూడా వచ్చింది. ఆ చెట్టు కింద ఉన్న పిల్లోడూ, గనిలో తవ్వేవాళ్ళ పిల్లోడూ ఒకే వయసు. కొల్లూరు గని గురించి ఆయనే రాసినాడు, మగోళ్ళు తవ్వుతారు, ఆడోళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు అని. ఇద్దరి చేతుల్లోకీ అదే రాయి వస్తుంది. పదేళ్ళకే ఒకడికి తూకం చేతికొచ్చింది. ఇంకొకడికి మట్టి గంప వచ్చింది.

ఇప్పుడు లెక్క. నిదానంగా చదవండి.

తావెర్నియే వ్యాపారి కాబట్టి తూకాలు జాగ్రత్తగా రాసుకున్నాడు. రావల్‌కొండ గని దగ్గర ఒక మంగెలిన్ అంటే 1.75 క్యారెట్లు. గోల్కొండ, బీజాపూరు రాజ్యాల్లో మామూలుగా వాడే మంగెలిన్ 1.375 క్యారెట్లు మాత్రమే. గోవాలో పోర్చుగీసు వాళ్ళ మంగెలిన్ 5 గ్రెయిన్లు. ఆయన లెక్కలో క్యారెట్ కు 4 గ్రెయిన్లు, కాబట్టి గోవా మంగెలిన్ 1.25 క్యారెట్లు.

చూసినారా? గని దగ్గర బరువైన మంగెలిన్. రాజధానిలో దానికన్నా తేలిక. ఓడరేవులో ఇంకా తేలిక. గని దగ్గర 10 మంగెలిన్లు తూగిన రాయి 17.5 క్యారెట్లు. అదే రాయిని గోవాకు తీసుకపోయి అక్కడి త్రాసులో పెడితే 14 మంగెలిన్లు. రాయి పెరగలేదు. దారిలో మాట సన్నబడింది.

దీన్ని మోసం అని ఒక్కమాటతో కొట్టేయడం సరికాదు. వ్యాపారులకు ఈ తేడా తెలుసు. తెలుసు కాబట్టే తావెర్నియే రాసుకున్నాడు, ధర దాని ప్రకారమే కట్టుకుంటారు. ఊరూరికీ మానిక, శేరు, మూర తేడా ఉండేవి అని మన పెద్దోళ్ళూ చెప్తారు. తేడా తెలియనోడు ఒక్కడే, చేన్లో వంగి రాయి తీసినోడు. కూలికి గుడ్డ ఇచ్చే లెక్కనే తీసుకోండి. 12 క్యారెట్ల రాయి దొరికింది అనుకుందాం. తేలిక మంగెలిన్ తో తూచితే 8.7 వస్తుంది, గుడ్డ ఇవ్వాలి. బరువు మంగెలిన్ తో తూచితే 6.9 కూడా రాదు, 7 దాటలేదు కాబట్టి గుడ్డ లేదు.

గింజ అసలు ఎంత తూగుతుంది అని కూడా నిఘంటువులో ఉంది. మద్రాసులో పని చేసిన వాల్టర్ ఇలియట్ దక్షిణాది నాణేల మీద పుస్తకం రాసినాడు. అందులోని లెక్క ఇది. చేతికొచ్చిన 50 గింజలు తీసుకొని తూచితే గింజకు సగటున 4.13 గ్రెయిన్లు. కంటితో పెద్దవి ఏరి పదేసి చొప్పున తూచితే 5 గ్రెయిన్ల పైన కొంచెం. ఈ గ్రెయిన్ వేరు, తావెర్నియే గ్రెయిన్ వేరు, ఇక్కడ మేము ఒక పూట తికమక పడినాం. ఇంగ్లిష్ గ్రెయిన్ సుమారు 64.8 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మామూలు గింజ 268 మిల్లీగ్రాములు, అంటే ఇప్పటి క్యారెట్లలో 1.34. ఏరిన పెద్ద గింజ 325 మిల్లీగ్రాములు, 1.63 క్యారెట్లు. పాత క్యారెట్ కూ ఇప్పటి క్యారెట్ కూ చిన్న తేడా ఉంది, దాన్ని పక్కన పెట్టినాం.

అంటే గోల్కొండ మంగెలిన్, గోవా మంగెలిన్ రెండూ మామూలు గింజ బరువుకు దగ్గర. రావల్‌కొండ గని దగ్గరి మంగెలిన్ మాత్రం ఏరి పెట్టిన పెద్ద గింజ కన్నా కూడా బరువు. చెట్టు ఇవ్వని బరువు అది. ఎవరో ఒకరు గుండుగా చేయించి త్రాసులో పెట్టిన బరువు.

మా ఊరి రాయితోనే ఇంకో లెక్క. 2021 లో చిన్న జొన్నగిరిలో ఒక రైతుకు 30 క్యారెట్ల వజ్రం దొరికిందని, కోటీ ఇరవై లక్షలకు వ్యాపారికి అమ్మినాడని పేపర్లలో వచ్చింది, గుర్తుండే ఉంటుంది. 30 క్యారెట్లంటే 6 గ్రాములు. ఆ రాయి నూనిజ్ కాలంలో దొరికి ఉంటే? 1.375 మంగెలిన్ తో తూచితే 21.8. ఇరవై దాటింది, రాజుకు పోతుంది. 1.75 తో తూచితే 17 పైన కొంచెం. దాటలేదు, గుత్త నాయకుడికి మిగులుతుంది. ఒకే రాయి, ఒకే చేను, గింజ మారితే సొంతదారు మారిపోతాడు. రైతుకు మాత్రం రెండు పక్కలా ఏమీ రాదు. ఈ ఒక్క విషయంలో ఇప్పటి కాలం మేలు అని ఒప్పుకోవాలి.

మేలు అయినా అందరికీ కాదు. మా వాళ్ళలో ఒకామెకు కొన్నేళ్ళ కింద రాయి దొరికింది. వేలి గోరంత కూడా లేదు. వ్యాపారి మనిషి ఒకడు వచ్చినాడు. అరచేతిలో వేసుకొని రెండుసార్లు ఎగరేసి, ఎండకు పట్టి చూసి, ఒక అంకె చెప్పినాడు. "ఎవరికీ చెప్పొద్దమ్మా, పోలీసులు వస్తారు" అన్నాడు. ఆమె భయపడి ఇచ్చేసింది. త్రాసు బయటికి తీయనే లేదు. ఆ డబ్బుతో ఇంటికి రేకులు వేయించుకుంది, ఆమెకు దాని మీద బాధ కూడా లేదు. ఎంత తూగింది యాడీ అని మేము అడిగితే, "తూకం వాళ్ళది గదా నాయనా, మనకెట్లా తెలుస్తుంది" అనింది.

ఆమె మాట విన్నాకనే ఈ పోస్టు రాయాలని గట్టిగా అనుకున్నాం.

బేరం గురించి ఒక చిన్న ముక్క. తావెర్నియే వజ్రాల బేరం ఎట్లా జరుగుతుందో రాసినాడు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చొని, గుడ్డ కింద చేతులు పట్టుకొని, మాట్లాడకుండా బేరం చేస్తారు. మొత్తం చెయ్యి పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలు కణుపు పట్టుకుంటే పది. పక్కన ఎంతమంది ఉన్నా ధర ఎవరికీ తెలియదు. మన దిక్కు ఎద్దుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని బేరం చేసేది చూసినోళ్ళకు ఇది కొత్త కాదు. ఎమ్మిగనూరు, ఆదోని వైపు ఉన్నోళ్ళు మీ నాయనలను అడిగి చూడండి, కణుపు లెక్క ఇంకా గుర్తున్నోళ్ళు ఉంటారు.

ఇంకో సంగతి, ఇది మన సుగాలీల కోసం. వజ్రాల గురించి రాసిన ఇదే తావెర్నియే పుస్తకంలో మనమూ ఉన్నాం. 'మనారి' అని రాసినాడు. పది పన్నెండు వేల ఎద్దుల మీద సరుకు వేసుకొని పోయేవాళ్ళు, డేరాల్లో బతికేవాళ్ళు, ఒక గుంపు జొన్నలు గోధుమల లాంటి ధాన్యం, ఒక గుంపు బియ్యం, ఒక గుంపు పప్పులు, ఒక గుంపు ఉప్పు మాత్రమే మోస్తారు అని. ఆ ఎద్దుల బారు ఎదురొస్తే దారి ఖాళీ అయ్యేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదంట. హాబ్సన్ జాబ్సన్ లో కూడా 'బ్రింజారి' అని మన పేరుకు వేరే పద్దు ఉంది. థర్స్టన్ 1909 లో అచ్చేసిన కులాల పుస్తకంలో సుగాలి అనేది సుపారీ నుంచి వచ్చిందని, వక్కల వ్యాపారం చేసేవాళ్ళు కాబట్టి అని కొందరంటారు అని రాసినాడు. లంబాడీ అంటే లవణం, ఉప్పు, అని ఇంకో మాట. నిజమో కాదో భాష చదివినోళ్ళు తేల్చాలి. మా మటుకు మాకు ఒకటి అర్థమైంది. ఉప్పు, బియ్యం, వక్క ఊరూరికీ మోసి, ఊరూరి కొలతలు తెలిసిన జాతి మనది. మానిక తేడా తెలియకుండా ఉప్పు వ్యాపారం చేయలేరు. ఆ తెలివి ఉన్నోళ్ళ మనవరాలు ఇప్పుడు 'తూకం వాళ్ళది' అంటోంది. మధ్యలో రైళ్ళు వచ్చి ఎద్దుల పని పోయింది, 1871 నుంచి నేరస్థ జాతుల చట్టం అని ఒకటి తెచ్చి, మన లాంటి సంచార జాతులను పోలీసు స్టేషన్ల చుట్టూ తిప్పినారు, 1952 దాకా ఆ చట్టం ఉంది. "పోలీసులు వస్తారు" అంటే మనోళ్ళు ఎందుకు అంత తొందరగా భయపడతారో దాన్నిబట్టి కొంత అర్థమవుతుంది. అది ఇంకో పోస్టు, పరీక్షలు అయినాక రాస్తాం.

మంగెలిన్ ఎట్లా పోయింది అన్నది మిగిలింది. 18వ శతాబ్దంలో బ్రెజిల్లో వజ్రాలు దొరికినాయి, తర్వాతి శతాబ్దంలో దక్షిణాఫ్రికాలో. మన గనుల పేరు తగ్గిపోయింది, దాంతో మన తూకం అవసరమూ తగ్గింది. 1907 లో ప్రపంచ దేశాల తూకాల సభలో క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు అని ఖాయం చేసినారు. అప్పటిదాకా క్యారెట్ కూడా ఊరికొక రకంగా ఉండేది. అందరికీ ఒకే క్యారెట్ వచ్చినాక మంజాడి, మంగెలిన్ రెండూ అంగడి వదిలి పుస్తకాల్లోకి పోయినాయి. పోయింది అని మాకు పెద్ద బాధ లేదు. గనిలో ఒకటి, రేవులో ఒకటి ఉండే కొలత కన్నా అందరికీ ఒకటే ఉండేది మంచిదే. మాట మాత్రం మనది అని తెలిసి ఉంటే చాలు.

ప్రాజెక్టు ఇచ్చేసినాం. మా సారు చదివి, ఇంత పొడుగు ఎందుకు రాసినారు అన్నాడు, కానీ క్లాసులో అందరి ముందు చదివించినాడు. తుగ్గలి ఎక్కడ అని అడిగినోళ్ళకు గుంతకల్లు, డోన్ మధ్య రైలు ఆగే స్టేషన్ అని చెప్పినాం.

వచ్చే తొలకరికి మీ ఇళ్ళల్లో నుంచి ఎవరైనా రాళ్ళకు పోతే ఇది చెప్పి పంపండి. ఒక క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. గ్రాములు తెలిస్తే ఐదుతో గుణిస్తే క్యారెట్లు వచ్చేస్తాయి. మిల్లీగ్రాములు చూపించే చిన్న కాటా ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతుంది, నాలుగిళ్ళ వాళ్ళు కలిసి ఒకటి తెచ్చుకోవచ్చు. ఎవరికైనా చూపించే ముందే ఇంట్లో తూచి, కాగితం మీద రాసి పెట్టుకోండి. రాయి వజ్రమా కాదా, దాని నీరు ఎట్లాంటిది అన్నది కాటా చెప్పదు, అది తెలిసినోళ్ళకే చూపించాలి. బరువు మాత్రం మనమే చెప్పొచ్చు.

మీ తండాలో, మీ ఊర్లో ముసలోళ్ళకు మంజాడి అనే మాట గానీ, బండి గురివింద గింజలతో బంగారం తూచిన జ్ఞాపకం గానీ ఉంటే కింద రాయండి. ఆ చెట్టు మీ దగ్గర ఎక్కడైనా ఉంటే ఫోటో పెట్టండి. మేము ఇంతవరకు చెట్టు మీద ఆ కాయను చూడలేదు.